పక్కవాడి పాచికలో పాటగాడి బలం: బార్డ్, మల్టీక్లాస్ పాత్రలు ఆన్‌లైన్ గేముల్లోకి వచ్చిన దారి

బెంగళూరు మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్ హాలు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్లేట్లు తీసేసి, అదే టేబుల్ మీద గళ్ల మ్యాట్ పరిచి, పాత్రలు ధరించి పాచికలతో కథ నడిపే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆట మొదలుపెట్టారు. ఆడేది నలుగురు తెలుగువాళ్లు, ఆట నడిపే డీఎం కన్నడ కుర్రాడు. తెలుగు సినిమాలు చూసీ చూసీ అతనికి భాష పట్టుబడింది. ఫైటర్ (యోధుడి పాత్ర) వంతు వచ్చింది. ఇరవై ముఖాల పాచిక దొర్లుకుంటూ పోయి 9 దగ్గర ఆగింది. బోనస్‌లు కలిపితే 16. డీఎం నోరు తెరవబోతుంటే, పాటతో తోటివాళ్లకు బలమిచ్చే బార్డ్ పాత్ర ఆడుతున్న అమ్మాయి ఆపింది: "అన్నా, ఇందాక నేనిచ్చిన పాచిక నీ దగ్గరే ఉందిగా, అది వెయ్యి." రెండు నిమిషాల క్రితం తన సంచీలోంచి తీసి ఆమె అతని చేతిలో పెట్టిన ఎనిమిది ముఖాల చిన్న పాచిక అది. వేస్తే 3 పడింది. మొత్తం 19. దెబ్బ తగిలింది. హాలంతా ఒకటే అరుపులు. కత్తి విసిరింది ఫైటరే అయినా అందరి చూపూ ఆ అమ్మాయి మీదే.

బార్డ్ ఆడటంలో ఉన్న సంతోషమంతా ఆ చూపులోనే ఉంది. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేములు పాతికేళ్లకు పైగా ఈ పాత్రను సర్వర్‌లోకి తేవాలని చూస్తున్నాయి. పాచిక మీద పడ్డ 3 ను తేవడానికి నాలుగు లైన్ల కోడ్ చాలు. ఆ చూపును తేవడానికి ఏం చేయాలో చాలా గేములకు ఇప్పటికీ తేలలేదు. మల్టీక్లాస్ పాత్రలదీ ఇదే చిక్కు. ఒకే పాత్ర రెండు మూడు విద్యలు పట్టినప్పుడు దాన్ని టేబుల్ దగ్గర ఒక మనిషి చూసి, కథలో ఇముడుతుందో లేదో తేల్చి, తేడా వస్తే సర్దుతాడు. సర్వర్‌లో ఆ మనిషి లేడు. ఈ రెండూ వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ, పుట్టుక చూస్తే ఒకే కడుపున పుట్టినవి.

అనుబంధంలో పుట్టిన క్లాస్

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చిన తొలి డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో మూడే క్లాసులు, అంటే పాత్ర పట్టే విద్యలు: ఫైటింగ్ మ్యాన్ (యోధుడు), మేజిక్ యూజర్ (మాంత్రికుడు), క్లెరిక్ (పూజారి). ఎల్ఫ్ జాతికి మాత్రం ఒక వెసులుబాటు ఉండేది. ఒక సాహసంలో యోధుడిగా వెళ్లినవాడు తర్వాతి సాహసానికి మాంత్రికుడిగా వెళ్లొచ్చు. మల్టీక్లాస్‌కు బీజం అక్కడే పడింది.

బార్డ్ రెండేళ్ల తర్వాత వచ్చాడు. 1976 ఫిబ్రవరి స్ట్రాటజిక్ రివ్యూ పత్రికలో డగ్ ష్వెగ్‌మన్ ఈ క్లాస్‌ను ప్రతిపాదించాడు. కెల్టుల బార్డ్, నార్స్ దేశాల స్కాల్డ్, దక్షిణ యూరప్ మిన్‌స్ట్రెల్ ముగ్గురినీ కలిపి ఒక్కణ్ణి చేశాడు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఈ క్లాస్ అసలు అధ్యాయాల్లో కాకుండా అనుబంధంలోకి వెళ్లింది. అక్కడ బార్డ్ కావడమంటే చిన్న సంగతి కాదు. ముందు ఫైటర్‌గా కనీసం 5వ లెవెల్ చేరాలి, 8కి చేరకముందే దొంగగా మారాలి, దొంగగా 5కీ 9కీ మధ్య ఆపి, డ్రూయిడ్ల (అడవి పూజారుల) దగ్గర శిష్యరికంలో చేరాలి. బలం, నేర్పు, వివేకం, ఆకర్షణ నాలుగూ 15కి తగ్గకూడదు. ఆరు ముఖాల పాచికలు మూడు కలిపి వేస్తే 15 గానీ అంతకు మించి గానీ పడేది 216లో 20 సార్లే. అలాంటిది నాలుగు సార్లు పడాలి. అంటే ఆ పుస్తకంలో బార్డ్ ఒక క్లాస్ కాదు, మూడు క్లాసుల మీదుగా నడిచి చేరే గమ్యం. మల్టీక్లాస్ కాని బార్డ్ అనేవాడు అందులో లేనే లేడు.

తెలుగువాళ్లకు ఈ కలగలుపు కొత్త కాదు. బుర్రకథలో కథకుడు తంబూర మీటుతూ, వేలికి తొడుక్కున్న అందెతో తాళం వేస్తూ, పాడతాడు, ఆడతాడు, కత్తి దూసినట్టు చెయ్యి ఎత్తుతాడు. పక్కన ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తుంటే ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం పట్టుకుంటారు. కారంపూడిలో పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతుల పేరులోనే వీరమూ విద్యా రెండూ ఉన్నాయి. పాటగాడికి యుద్ధంలో ఏం పని అని విదేశీ గేమర్లు చాలాకాలం ఆటపట్టించారు. మన ఊళ్లలో ఆ ప్రశ్నే పుట్టదు.

పంచుకుంటే ఎంత నష్టం

రెండు విద్యలు పట్టినవాడు దేనికి ఎంత మూల్యం చెల్లించాలన్నది మల్టీక్లాస్ నియమాలన్నిటికీ మూలం. 1978 నాటి లెక్కలో ఒక అందం ఉంది. ఎల్ఫ్ ఫైటర్–మాంత్రికుడు సంపాదించిన ఎక్స్‌పీ (లెవెల్ ఎక్కడానికి కూడబెట్టే అనుభవ పాయింట్లు) అంతా రెండు వాటాలు కావాలి. వినడానికి సగం నష్టమే. కానీ అప్పటి లెవెల్ మెట్లు రెట్టింపవుతూ పోయేవి. ఫైటర్‌కు రెండో లెవెల్ సుమారు 2,000 దగ్గర, మూడోది 4,000 దగ్గర, నాలుగోది 8,000 దగ్గర. కాబట్టి ఒంటి ఫైటర్ నాలుగో లెవెల్ అందుకునేసరికి, సగం వాటాతో నడిచే ఎల్ఫ్ మూడో లెవెల్ ఫైటర్ అయివుంటాడు. ఒక్క మెట్టే వెనక, చేతిలో మాత్రం మంత్రాలు అదనం. పై లెవెళ్లకు వెళ్లి మెట్లు సమానమయ్యాక ఆ పంపకం నిజంగా బరువయ్యేది.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఈ పద్ధతిని పక్కన పెట్టింది. ప్రతి లెవెల్‌కూ ఏ క్లాస్ కావాలంటే అది ఎంచుకోవచ్చు, మొత్తం 20 దాటకూడదు. ఈ స్వేచ్ఛ బాగానే ఉంది గానీ మంత్రగాళ్లకు అచ్చిరాలేదు. పది లెవెళ్లు విజర్డ్, పది ఫైటర్ తీసుకున్నవాడి దగ్గర ఐదో స్థాయి మంత్రాలకు మించి ఉండవు. పూర్తి విజర్డ్ 17 దగ్గరే తొమ్మిదో స్థాయి అందుకుంటాడు. కత్తి నైపుణ్యం ఏ క్లాస్‌లో వచ్చినా కూడుతుంది, మంత్రం కూడదు. 2014 నాటి ఐదో ఎడిషన్ స్పెల్ స్లాట్లను (ఎన్ని మంత్రాలు వేయొచ్చో చెప్పే లెక్కను) కలిపి లెక్కించి ఆ గాయానికి కొంత మందు వేసింది. దాంతోపాటు బార్డ్‌ను తొమ్మిదో స్థాయి దాకా వెళ్లే పూర్తి మంత్రగాణ్ణి చేసింది. అయినా ఐదో లెవెల్ దగ్గర ఒక గట్టు మిగిలిపోయింది. ఆ లెవెల్‌లో ఫైటర్‌కు రెండో దెబ్బ, విజర్డ్‌కు ఫైర్‌బాల్ అనే అగ్ని మంత్రం వస్తాయి. మూడు విజర్డ్, రెండు ఫైటర్ అని పంచుకున్నవాడికి రెండూ రావు.

టేబుల్ దగ్గర ఈ గట్టు దాటించడం తేలిక. డీఎం ఆ వారం రాక్షసులను రెండు తగ్గిస్తాడు, లేదా ఆ పాత్రకు అక్కరకొచ్చే ఒక మంత్రదండం గుహలో దొరికేలా చేస్తాడు. అందుకు బదులుగా ఒక ప్రశ్న వేస్తాడు. "మామా, నీ దొంగ ఉన్నట్టుండి పూజారి ఎట్లా అయ్యాడు? ఏ గుడిలో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?" ఆ ప్రశ్నకు వచ్చే జవాబే తర్వాతి మూడు ఆదివారాల కథ. మల్టీక్లాస్‌కు టేబుల్ వసూలు చేసే అసలు మూల్యం ఇదే. ఎక్స్‌పీ దాని ముందు చిన్నది.

సర్వర్‌కు ఆ ప్రశ్న అడిగే నోరు లేదు. అది లెక్కను మాత్రమే చూడగలదు, ఆ లెక్కేమో భయపెట్టేంత పెద్దది. 2014 పుస్తకంలో 12 క్లాసులున్నాయి. 20 లెవెళ్లను మూడు క్లాసుల దాకా పంచుకోవచ్చు అంటే, ఏ లెవెల్ ముందు తీసుకున్నారన్నది పట్టించుకోకపోయినా 38,886 రకాల పాత్రలు తేలతాయి. హద్దు తీసేసి ఎన్ని క్లాసులైనా సరే అంటే 8 కోట్ల 46 లక్షలు దాటుతుంది. మారతహళ్ళి టేబుల్ దగ్గర డీఎం చూసుకోవాల్సింది అందులో నాలుగు. ఆన్‌లైన్ గేమ్ చేసేవాళ్లు అన్నిటికీ జవాబుదారీ. వాటిలో ఒక్కటి అతిగా బలపడినా వారం తిరక్కుండా వేలమంది అదే బిల్డ్‌తో (లెవెళ్ల కూర్పుతో) కనిపిస్తారు. చాలా గేములు మల్టీక్లాస్ జోలికే పోకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఈ అంకెలే.

మూల్యాన్ని మాత్రమే తెచ్చుకుంటే

1999 మార్చిలో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ మల్టీక్లాస్‌ను నేరుగా తీసుకోకుండా, ముందే కలిపిన క్లాసులు ఇచ్చింది. ప్యాలడిన్‌లో యోధుడూ పూజారీ ఉంటారు, రేంజర్‌లో యోధుడూ డ్రూయిడూ ఉంటారు, బార్డ్‌లో అందరూ కొంచెం కొంచెం ఉంటారు. రుచి చూసి కలిపిన పులిహోరలాగా, పాళ్లు ఆటగాడి చేతిలో ఉండవు. ఇంతవరకు తెలివైన పనే. కానీ రెండు విద్యలకు మూల్యం ఉండాలన్న పాత సూత్రాన్ని కూడా తెచ్చి, ఈ హైబ్రిడ్ క్లాసులకు లెవెల్ ఎక్కడానికి మామూలు లెక్క కంటే 40 శాతం ఎక్కువ ఎక్స్‌పీ పెట్టారు. పార్టీలో (కలిసి ఆడే జట్టులో) ఎక్స్‌పీ పంచే పద్ధతి వల్ల ఆ భారం కొంత పక్కవాళ్ల మీదా పడింది. ఫలితంగా, బార్డ్‌ను పిలిస్తే తమ లెవెల్ నెమ్మదిస్తుందని జనం లెక్కలేసుకునే పరిస్థితి వచ్చింది. టేబుల్ దగ్గర ఎల్ఫ్ మాంత్రికుడు తన వాటాను తనే కోసుకునేవాడు. ఇక్కడ ఆ కోత స్నేహితుల వాటాలోంచి పడింది. పరులకు బలమివ్వడానికే పుట్టిన క్లాస్ పరులకు బరువవడం కంటే పెద్ద పొరపాటు ఉండదు. తర్వాత ఆ పెనాల్టీని ఎత్తేశారు.

అదే గేమ్ బార్డ్‌కు ఒక గొప్ప పని కూడా ఇచ్చింది. అది ఎంత గొప్పదో చెప్పాలంటే అష్టావధానం గుర్తు చేసుకోవాలి. అవధాని నిషిద్ధాక్షరికి ఒక అక్షరం చెప్పి, దత్తపదికి ఒక పాదం చెప్పి, సమస్యకు వెళ్లి, మళ్లీ మొదటివారి దగ్గరికి వస్తాడు. ఏ పద్యమూ తెగకూడదు, మధ్యలో అప్రస్తుత ప్రసంగి ప్రశ్నలకూ బదులివ్వాలి, గంటలు ఎన్ని మోగాయో లెక్కా తప్పకూడదు. ఎవర్‌క్వెస్ట్ బార్డ్ కూడా ఇంతే. ఒక పాట పాడటానికి మూడు సెకన్లు పడుతుంది. పాట ఆగాక దాని ప్రభావం కొన్ని సెకన్లే నిలుస్తుంది. అది కరిగేలోపు రెండోది, మూడోది, నాలుగోది పాడి తిరిగి మొదటిదానికి రావాలి. నడక వేగం ఒక పాట, మాంత్రికుల మానా (మంత్రశక్తి) ఒక పాట, దెబ్బల వేగం ఒక పాట, విషానికి విరుగుడు ఒక పాట. మధ్యలో మీద పడే రాక్షసుడే అప్రస్తుత ప్రసంగి. గేమర్లు దీన్ని ట్విస్టింగ్ అన్నారు. గంటల తరబడి ఒకే నాలుగు మీటలు నొక్కీ నొక్కీ వేళ్లు నొప్పి పుట్టేవి. తర్వాత పాటలను వరసగా దానంతటదే పాడించే మెలడీ ఆదేశం వచ్చింది. వేళ్లకు మంచిదే. అయితే ధారణ చూపించే అవకాశం మాత్రం కొంత పోయింది.

బెంగళూరు నుంచి ఆడేవాళ్లకు ఇందులో ఇంకో అడ్డు ఉంది. ఫైబర్‌లో వెలుతురు ఒక మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. అమెరికా తూర్పు తీరం ఇక్కడికి 13,000 కిలోమీటర్ల పైమాటే. మీట నొక్కిన సంగతి అక్కడికి వెళ్లి జవాబు తిరిగి రావడానికి 130 మిల్లీసెకన్లకు తక్కువ కాదు. కేబుల్ మలుపులు, మధ్యలోని రౌటర్లు కలిస్తే 200 దాటుతుంది. ప్రతి పాటకూ అంత జారితే నాలుగు పాటలు తిరిగేసరికి ముప్పాతిక సెకను పైనే పోతుంది, చివరి అంచున నిలబెట్టుకున్న మొదటి పాట తెగిపోతుంది. కత్తి విసిరేవాడికి ఈ ఆలస్యం చిరాకు. తాళం మీద బతికే బార్డ్‌కు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. సింగపూర్‌లో సర్వర్ ఉంటే దూరం 3,200 కిలోమీటర్లే, ఆ తేడా వేళ్లకు తెలుస్తుంది. బార్డ్ ఆడాలనుకునే భారతీయ గేమర్ ముందుగా చూడాల్సింది పాటల జాబితా కాదు, సర్వర్ ఏ దేశంలో ఉందన్నది.

నేల మీద నిలబెట్టినవాళ్లు

బార్డ్‌ను బాగా అర్థం చేసుకున్న గేములు టేబుల్ నియమాలను అక్షరాలా దించలేదు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో అసలు క్లాసులే లేవు. ఒక పాత్రకు మొత్తం 700 నైపుణ్య పాయింట్లు, ఒక్కోదానికి 100 దాకా. సంగీతం, ప్రొవొకేషన్, పీస్‌మేకింగ్ పెంచుకున్నవాడు బార్డ్. మిగిలిన పాయింట్లు మంత్రంలో పెడతాడా, విల్లులో పెడతాడా అతని ఇష్టం. మల్టీక్లాస్ అనే మాట లేకుండానే మల్టీక్లాస్ వచ్చేసింది. మొత్తానికి హద్దు ఉంది కాబట్టి మూల్యం విడిగా వసూలు చేయనక్కర్లేదు. ప్రొవొకేషన్ అయితే బార్డ్ కోసం ఆన్‌లైన్ గేములు కనిపెట్టిన ఉపాయాల్లో ఇప్పటికీ ముందు వరసలోనే ఉంటుంది. వీణ మీటి రెండు రాక్షసులను ఎంచుకుంటే అవి ఒకదాని మీద ఒకటి పడతాయి. బార్డ్ ఒక్క దెబ్బ కూడా వేయడు. దూరంగా చెట్టు పక్కన నిలబడి చూస్తాడు. మాటతో, పాటతో లోకాన్ని కదిలించేవాడు ఎలా ఉండాలో అలా ఉన్నాడు.

2002లో జపాన్‌లో మొదలైన ఫైనల్ ఫాంటసీ 11 రెండు చిక్కులనూ ఒకే చోట విప్పింది. క్లాస్‌ను జాబ్ అన్న ఆ గేమ్, మల్టీక్లాస్‌కు సపోర్ట్ జాబ్ పెట్టింది. ప్రధాన జాబ్ 75లో ఉంటే తోడు జాబ్ సగం దగ్గర, 37లో ఆగుతుంది. రెండో విద్య ఎప్పుడూ చిన్న తమ్ముడే, అన్నను దాటలేడు. 38,886 రకాల భయం ఇక్కడ జంటల దగ్గరికి దిగిపోతుంది, ఆటగాడికేమో ఎంచుకున్న తృప్తి మిగులుతుంది. బార్డ్ విషయంలో ఇంకా నాజూకైన పని చేసింది. పాట అతని చుట్టూ కొంత దూరమే వినిపిస్తుంది, ఒక బార్డ్ పాడే పాటలు ఒక మనిషి మీద మొదట్లో రెండే నిలిచేవి. కత్తివాళ్లకు దెబ్బల వేగం పెంచే మార్చ్ కావాలి, మాంత్రికులకు మానా తెచ్చే బ్యాలడ్ కావాలి. అందుకని బార్డ్ ముందు వరసకు పరుగెత్తి రెండు మార్చ్‌లు పాడి, వెనక్కి పరుగెత్తుకొచ్చి మాంత్రికుల దగ్గర నిలబడి రెండు బ్యాలడ్‌లు పాడి, మళ్లీ ముందుకు పోవాలి. పెళ్లిలో ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్య గరిటె పట్టుకుని తిరిగేవాడిలా, యుద్ధమంతా రెండు పంక్తుల మధ్య అతని పరుగే. అతను వచ్చాడో లేదో, తమ దాకా పాట అందిందో లేదో ప్రతివాళ్లూ గమనిస్తారు. మారతహళ్ళి హాలులోని చూపు ఇక్కడ సర్వర్‌లో దొరికింది. బార్డ్ దొరక్క పార్టీలు ఎదురుచూస్తూ కూర్చునేవంటే ఆశ్చర్యం లేదు.

2005 ఏప్రిల్‌లో వచ్చిన గిల్డ్ వార్స్ ఇదే దారిలో ఇంకో మలుపు తిరిగింది. రెండు ప్రొఫెషన్లు ఇచ్చి, ఒక్కోదాని మూల లక్షణాన్ని మాత్రం దాన్ని మొదటిదిగా ఎంచుకున్నవాడికే ఉంచింది. యుద్ధంలోకి తీసుకెళ్లేది ఎనిమిది స్కిల్స్ మాత్రమే. వందల్లో ఎంపికలున్నా చేతిలో ఎనిమిదే. ఆ పరిమితే సమతూకాన్ని కాపాడింది. మిగతా ప్రయత్నాలు చాలానే ఉన్నాయి. డార్క్ ఏజ్ ఆఫ్ కేమలాట్ 2001లో మూడు రాజ్యాలకు మిన్‌స్ట్రెల్, స్కాల్డ్, బార్డ్ అని పాటగాణ్ణి మూడుగా విడదీసింది, ష్వెగ్‌మన్ కలిపిన మూడు పేర్లూ మళ్లీ విడిపోయాయి. రాగ్నరాక్ ఆన్‌లైన్‌లో బార్డ్, డ్యాన్సర్ పక్కపక్కన నిలబడితేనే పలికే జంట పాటలున్నాయి. 2011లో రిఫ్ట్ మూడు ఆత్మలను కలిపి ఒక పాత్రను చేసుకోమంది.

అక్షరాలా దించినవాళ్లు

టేబుల్ నియమాలకు దగ్గరగా నిలిచిన పెద్ద ఆన్‌లైన్ గేమ్ 2006 ఫిబ్రవరిలో వచ్చిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆన్‌లైన్. 3.5 ఎడిషన్ (మూడో ఎడిషన్‌కు సవరించిన రూపం) నియమాల మీద కట్టి, మూడు క్లాసుల దాకా కలుపుకోనిచ్చింది. బార్డ్ మొదటిరోజు నుంచీ ఉన్నాడు. వంతులవారీ ఆటను పరుగెత్తే యుద్ధంగా మార్చాల్సి రావడంతో స్పెల్ స్లాట్ల బదులు స్పెల్ పాయింట్లు పెట్టారు, విశ్రాంతికి డన్జన్‌లోనే మందిరాలు పెట్టారు. ఇరవై ముఖాల పాచిక మాత్రం తెర మీద కనిపిస్తూ దొర్లుతూనే ఉంటుంది. అది తీసేయనందుకు ఆ గేమ్ చేసినవాళ్లను మెచ్చుకోవాలి.

అక్కడ మల్టీక్లాస్ ఏమైంది? కథ జారిపోయి, గణితం మిగిలింది. 3.5 నియమాల్లో దొంగకు రెండో లెవెల్‌లో ఇవేజన్ (మంత్రపు పేలుళ్ల నుంచి తప్పించుకునే నేర్పు) వస్తుంది, ప్యాలడిన్‌కు రెండో లెవెల్‌లోనే ఆకర్షణ బోనస్ రక్షణగా మారుతుంది. అందుకే ఒక క్లాస్ 18 తీసుకుని ఇంకోటి 2 ముంచుకోవడం అలవాటైంది. గేమర్లు దీన్ని డిప్ అనడం ఎంతో సరైన మాట. బిస్కెట్ కొన తడిపినట్టే, లోపలిదాకా పోదు. ఆ దొంగతనం ఎక్కడ నేర్చుకున్నావని అడిగేవాడు లేడు. ఒక లెవెల్ తప్పుగా ఎంచుకుంటే సర్దే డీఎం కూడా లేడు. ఆ లోటు తీర్చడానికి తర్వాత రీఇన్‌కార్నేషన్ అనే పద్ధతి వచ్చింది. పై లెవెల్ చేరిన పాత్ర మళ్లీ ఒకటో లెవెల్‌లో పుట్టి, గత జన్మలోని క్లాస్ ఇచ్చిన చిన్న బలాన్ని తోడు తెచ్చుకుంటుంది. ఒక జన్మలో బార్డ్, మరో జన్మలో ఫైటర్. పూర్వజన్మ సుకృతం అనే మాట ఉన్న భాషవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. మల్టీక్లాస్‌ను ఒకేసారి కాకుండా కాలంలో పరిచి ఇచ్చిన ఈ ఆలోచన, డిప్ కంటే కథకు ఎంతో దగ్గరగా ఉంది.

అదే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ లోకంలోని మరో ఆన్‌లైన్ గేమ్ నెవర్‌వింటర్ దీనికి ఎదురుదిక్కు. 2013లో మల్టీక్లాస్ లేకుండానే మొదలైంది, బార్డ్ రావడానికి 2021 దాకా పట్టింది. అదే 2013లో కొత్తగా నిలబడిన ఫైనల్ ఫాంటసీ 14 మాత్రం 1978 అనుబంధాన్ని తలపించే పని చేసింది. ఆర్చర్‌గా 30వ లెవెల్, పిడికిళ్లతో పోరాడే ప్యూజిలిస్ట్‌గా 15వ లెవెల్ చేరితేనే బార్డ్ జాబ్. 2017 వచ్చేసరికి ఆ రెండో షరతు తీసేశారు. ఒకే మనిషి అన్ని జాబ్‌లూ నేర్వొచ్చు, ఆయుధం మారిస్తే జాబ్ మారుతుంది, అయితే ఒకసారికి ఒకటే. 1974 నాటి ఎల్ఫ్ వెసులుబాటు దాదాపు ఇదే.

ఆ గేమ్ ఆడేవాళ్లు బార్డ్‌కు ఇంకో మేలు చేశారు. రెయిడ్లలో (పెద్ద జట్టు యుద్ధాల్లో) ఎవరి డ్యామేజ్ ఎంతో లెక్కగట్టే మీటర్లు ఎప్పుడూ కత్తి ఎవరిదో దాన్నే రాస్తాయి. పాట వల్ల పక్కవాడి దెబ్బ పెరిగితే ఆ పెరిగినదీ పక్కవాడి ఖాతాలోకే పోతుంది. ఎఫ్ఎఫ్‌లాగ్స్ అనే వెబ్‌సైట్ లెక్కించే ఆర్‌డీపీఎస్ కొలత ఆ భాగాన్ని విడదీసి పాట పాడినవాడి పేరు మీద వేస్తుంది. చూడటానికి గణాంకాల వ్యవహారం. నిజానికి "అన్నా, నేనిచ్చిన పాచిక" అన్న మాటకు అంకెల్లో రసీదు అది. బార్డ్ బలం పెంచడానికి గేములు పాటల శాతాలను మార్చీ మార్చీ అలిసిపోయాయి. ఎవరివల్ల గెలిచారో తెర మీద చూపించడానికి పెట్టిన శ్రద్ధ అందులో పదోవంతు లేదు. మార్చాల్సింది మొదట అక్కడే.

పాడేది నిజంగా పాటేనా

ఇంతవరకూ వచ్చిన పాటలన్నీ మీట నొక్కితే మోగే ముక్కలే. 2007 ఏప్రిల్‌లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్ అందుకు భిన్నంగా వాద్యాన్ని ఆటగాడి చేతికే ఇచ్చింది. ఏబీసీ అనే అక్షర సంకేతాల్లో రాసిన ఏ పాటనైనా పాత్ర వాయిస్తుంది, నలుగురు కలిస్తే బృందగానం అవుతుంది. యుద్ధానికి రవ్వంత ఉపయోగం లేని ఈ సదుపాయం చుట్టూ కచేరీలు, బృందాలు పుట్టాయి. తెలుగు చెవికి ఒక్కటే లోటు. చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో శ్రీరామనవమి కచేరీలకు వెళ్లి త్యాగరాజ కీర్తనలు విన్నవాళ్లకు అది వెంటనే తెలుస్తుంది. ఏబీసీ సంకేతం స్వరాలను మెట్లుగా పలికిస్తుంది, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే గమకం దానికి అందదు. తోడిలో గాంధారం ఊగకపోతే అది తోడి కాదు. గమకం పలికే వాద్యం ఒకటి ఏ గేమ్ అయినా పెడితే, ఈ నగరంలో ఎంతమంది బార్డ్ ఎంచుకుంటారో చూడాలని ఉంది.

వంతును తిరిగి తెచ్చినవాళ్లు

2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 పెద్ద సర్వర్ గేమ్ కాదు, నలుగురు కలిసి ఆన్‌లైన్‌లో ఆడుకునేది. పై హద్దు 12వ లెవెల్. క్లాసులూ పన్నెండే కాబట్టి ఒక్కో లెవెల్‌కు ఒక్కో క్లాస్ తీసుకున్నా అడ్డు చెప్పదు. కొత్త క్లాస్‌కు కావాల్సిన లక్షణం కనీసం 13 ఉండాలన్న టేబుల్ షరతునూ తీసేసింది. ఎంపిక నచ్చకపోతే శిబిరంలో విథర్స్ అనే పాత్రకు 100 నాణేలిచ్చి మొత్తం మార్చుకోవచ్చు. ఇంత ఉదారంగా ఉండి కూడా గేమ్ చెడిపోకపోవడానికి రెండు కారణాలున్నాయి. అది నలుగురి మధ్య ఆట, అంటే బలమైన బిల్డ్ వల్ల ముఖం చిన్నబోయే పరాయివాళ్లు లేరు. రెండోది, వంతులు తిరిగొచ్చాయి. వంతు ఉంటే పింగ్ (సర్వర్ దాకా వెళ్లిరావడంలో ఆలస్యం) ఎంతున్నా పాట తెగదు, పక్కవాడి పాచిక దొర్లుతుంటే నలుగురూ ఆగి చూస్తారు.

బెంగళూరులో ఇంకో పద్ధతి బాగా కుదురుకుంది. ఎలక్ట్రానిక్ సిటీలో ఒకరు, మారతహళ్ళిలో ఇద్దరు, హెబ్బాళ్‌లో ఒకరు ఉంటే సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటి టేబుల్ దగ్గరికి చేరేసరికి సగం ఆదివారం పోతుంది. కాబట్టి టేబుల్‌నే ఆన్‌లైన్‌లోకి తెచ్చుకుంటారు. 2012 నుంచి ఉన్న రోల్20లో మ్యాప్, 2015 నుంచి ఉన్న డిస్కార్డ్‌లో మాట. డీఎం మనిషే, నియమాలు పుస్తకంలోవే, "ఎక్కడ నేర్చుకున్నావు" అనే ప్రశ్నా పోలేదు. మల్టీక్లాస్‌కు ఇంతకంటే మంచి సర్వర్ ఇంకా ఎవరూ కట్టలేదు.

ఐదో ఎడిషన్ బార్డ్‌కు విషస్ మాకరీ అనే చిన్న మంత్రం ఉంది. ఎదుటివాణ్ణి మాటతో తిడితే, తట్టుకోలేకపోయినవాడికి 2014 నియమాల్లో నాలుగు ముఖాల పాచికంత దెబ్బ తగులుతుంది, అతని తర్వాతి దాడి కూడా తడబడుతుంది. బాల్డర్స్ గేట్ 3లో ఈ తిట్లు ముందే రికార్డు చేసినవి. పదిసార్లు విన్నాక పదకొండోసారి అవే వస్తాయి. వేములవాడ భీమకవి తిడితే జరిగి తీరుతుందని చాటువులు చెప్పుకున్న భాషలో, మారతహళ్ళి అమ్మాయి మైక్ ఆన్ చేసి ప్రతిసారీ కొత్తది కడుతుంది. గాబ్లిన్ ముక్కు మీద ఒక ఆటవెలది పాదం వదిలింది. డీఎం నవ్వాపుకుని, గాబ్లిన్‌కు తెలుగు రాదు కదా అన్నాడు. ఆమె పుస్తకం తెరిచి చదివింది: లక్ష్యానికి మాట వినిపిస్తే చాలు, అర్థం కానక్కర్లేదు. గాబ్లిన్ తట్టుకుంటుందో లేదో చూడటానికి డీఎం ఇరవై ముఖాల పాచిక వేశాడు. 4 పడింది.